మైనస్ రెండు

13 మార్చి 2022, ఆదివారం

పాత రిజిస్టరు ఈ రోజు మూసేశాం. ఇరవై ఆరేళ్లు అందులో రాశాను. ఇకనుంచి మా ఆస్పత్రి బ్లడ్ బ్యాంకు స్టాకంతా కంప్యూటర్‌లోనే.

ఒక్కో గ్రూపుకు నాలుగు గడులు. నిన్న మిగిలినవి, ఈ రోజు వచ్చినవి, ఇచ్చినవి, ఇప్పుడు ఉన్నవి. ఐదో గడి నేనే కలిపాను. ఈ రోజు ఉన్నవాటిలోంచి నిన్నటివి తీసేస్తే వచ్చే తేడా. పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. ఎవరూ పెట్టమనలేదు. ఎంత ఉందో తెలిస్తే చాలదు, ఎటు పోతోందో కూడా తెలియాలి.

ల్యాబ్‌లో పనిచేసే బాసిమా నా భుజం మీంచి తొంగి చూసింది. ఐదో గడి ఎవరు చదువుతారు హజ్జా, మీరు తప్ప అంది. ఈ వయసు వచ్చాక నన్ను అందరూ పెద్దమ్మా అన్నట్టు హజ్జా అనే అంటారు. నేను చదువుతాను అన్నాను.

ఈ కాగితాలు ఆ రిజిస్టరు చివర మిగిలిన ఖాళీ పేజీలు. విడదీసి కుట్టుకున్నాను. చేత్తో రాసే అలవాటు అంత తొందరగా పోదు.

17 మార్చి, గురువారం

నాయిఫ్‌కు ఈ రోజు రెండు ప్యాకెట్లు ఎక్కించారు. మూడు వారాలకోసారి రెండు. నా చిన్న తమ్ముడు. ముప్పై ఏడేళ్లు. తలసేమియా. ఒంట్లో పుట్టిన రక్తం ఒంట్లో నిలవదు.

అమ్మా నాన్నా ఒకే అవ్వ మనవలు. లోపం ఇద్దరిలోనూ సగం సగం ఉంది. నాకూ, చెల్లెలు హైఫాకూ సగమే వచ్చింది. మా మధ్యలో పుట్టిన రిహాబ్‌కు పూర్తిగా వచ్చింది. తొమ్మిదేళ్లకే పోయింది. తర్వాత నాయిఫ్. నన్ను చేసుకుంటానన్న మేనత్త కొడుక్కీ సగం ఉందని తేలినప్పుడు నేనే వద్దన్నాను. ఆ పరీక్ష చేసింది కూడా నేనే.

వాడు కుర్చీలో వెనక్కి వాలి, పోయినసారి ఇచ్చినవాడెవడో గానీ అక్కా, ఇరవై రోజులుగా నాకు పచ్చి ఉల్లిపాయలు తప్ప ఇంకేం సహించడం లేదు అన్నాడు. ఈసారైనా కాస్త మంచి ఇంటివాడిది చూసి ఎక్కించు అన్నాడు. బాసిమా నవ్వుతూ, ఇది మసీదు ఇమాము గారిది, రేపటినుంచి తెల్లారకముందే లేస్తావు చూడు అంది. అయితే వద్దు, ఉల్లిపాయలవాడిదే ఇవ్వు అన్నాడు.

సాయంత్రానికి వాడి పెదాలు ఎర్రబడ్డాయి. షీటులో బి నెగెటివ్ తేడా గడి కూడా ఎర్రబడింది. మైనస్ రెండు. ఆ రెండు ఎరుపులూ ఒకటేనని తెలిసింది నాకొక్కదానికే.

20 మార్చి, ఆదివారం

శుక్ర, శనివారాలు నా బల్ల దగ్గర ఎవరూ ఉండరు. ఆ రెండు రోజుల చీటీలూ ఆదివారం ఎక్కించాలి. పొద్దున్నే షీటు తెరిస్తే గడులన్నీ ఆకుపచ్చ. ఓ పాజిటివ్ ప్లస్ నలభై ఒకటి. ఆకాశంలోంచి రక్తం కురిసింది హజ్జా అని బాసిమా చప్పట్లు కొట్టింది.

ఫార్ములా నిన్నటి గడి కోసం వెతికింది. నిన్నటి గడి ఖాళీ. ఖాళీని సున్నా అనుకుంది.

చివరిసారి ఏ రోజు నింపామో ఆ రోజుతో పోల్చమని మార్చాను. గంట పట్టింది. రాయని రోజంటే ఏమీ లేని రోజు కాదని యంత్రానికి కూడా చెప్పాల్సి వచ్చింది.

27 మార్చి, ఆదివారం

ఇంకో వారంలో రంజాన్. ఉపవాసంలో పగలు ఎవరూ రక్తం ఇవ్వరు. ఇఫ్తార్ అయ్యాక మసీదు దగ్గర శిబిరం పెడితే వస్తారు. అదీ వారానికో పూట. ప్రమాదమేదైనా జరిగితే మాత్రం పిలవకుండానే వస్తారు. పోయిన నెల ఎడారి రోడ్డు మీద లారీ తిరగబడితే ఒకే వంశం వాళ్లు నలభై మంది వచ్చి, చేతులు పైకి మడుచుకుని వరండా పొడవునా నిలబడ్డారు. అందరిదీ ఓ పాజిటివే. బి నెగెటివ్ నూటికి ఇద్దరు.

హైఫాది బి నెగెటివే. కానీ ఇవ్వబోతే వాళ్లే వద్దంటారు. తన ఒంట్లోనే చాలదు. నాది ఎ పాజిటివ్. వాడికి నేను ఏ రకంగానూ పనికిరాను.

పోయిన రంజాన్‌లో నాయిఫ్ తొమ్మిది రోజులు ఎదురుచూశాడు. హిమోగ్లోబిన్ ఐదుకు దిగింది. మేడ మెట్లు ఎక్కుతూ మూడో మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆయాసం. అక్కా, అన్నం ఇక్కడికే పంపించు, ఇవాళ్టికి నా ఇల్లు ఇదే అని నవ్వాడు. నేను పక్కన కూర్చుని తస్బీహ్ పూసలు తిప్పాను. ఇంకేమీ చేయలేకపోయాను.

ఈసారి అల్లాను ఒకటే అడుగుతున్నాను. ఆ మెట్టు మళ్లీ చూపించకు.

3 ఏప్రిల్, ఆదివారం

రెండో ఉపవాసం. వచ్చినవి సున్నా. గడులన్నీ ఎరుపు. బి నెగెటివ్ మూడు.

5 ఏప్రిల్, మంగళవారం

నిన్న ఒకటి వెళ్లింది. రెండే మిగిలాయి. నాయిఫ్‌కు ఎల్లుండి ఎక్కించాలి. మధ్యలో బుధవారం ఉంది. ఒక్క రోజు.

మధ్యాహ్నం అందరూ నమాజుకు వెళ్లాక ఆ రెండు ప్యాకెట్లూ తీసి కింది అరలో పెట్టాను. పరీక్ష రిపోర్టు ఇంకా రాని రక్తం ఉండే అర అది. రిపోర్టు వచ్చి నేను పైకి మార్చేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. తర్వాత బి నెగెటివ్ గడిలోకి వెళ్లి ఫార్ములా చివర మైనస్ రెండు అని కొట్టాను. గడిలో సున్నా వచ్చింది. ఫార్ములా పైకి కనిపించదు. అంకె ఒక్కటే కనిపిస్తుంది.

ఐదో గడి మాత్రం ఎర్రబడింది. తేడా మైనస్ రెండు. ఇచ్చినవాటి గడిలో ఏమీ లేదు. ఎవరికీ ఇవ్వకుండానే రెండు తగ్గాయి. చూస్తే ఎవరైనా అడుగుతారు.

పని వేళ ముగిసేదాకా కూర్చున్నాను. ఎవరూ చూడలేదు.

6 ఏప్రిల్, బుధవారం

బి నెగెటివ్ కోసం ఎవరూ రాలేదు. రెండు లేవని ఎవరూ అడగలేదు.

7 ఏప్రిల్, గురువారం

ఎక్కించారు. ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. మైనస్ రెండు చెరిపేశాను. ఇచ్చినవాటి గడిలో రెండు అని రాశాను. లెక్క మళ్లీ నిజమైంది.

నాయిఫ్ ఇఫ్తార్‌కు కతాయెఫ్ మిఠాయి తెచ్చాడు. ఆరు తిన్నాడు. సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు ఈసారి పండుగ ముందు రోజు దాకా తెరిచే ఉంచుతానన్నాడు. ఈ రంజాన్‌లో నీ అల్లాకు నా అడ్రసు దొరికినట్టుంది అక్కా అన్నాడు. నేను ప్లేట్లు తీసేశాను.

ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. అదే పదిసార్లు చెప్పుకున్నాను. నష్టం జరగకపోతే ఒకసారి చెప్పుకుంటే సరిపోయేది.

13 ఏప్రిల్, బుధవారం

నిన్న మసీదు శిబిరంలో ఇద్దరు సైనికులు ఇచ్చారట. ఇద్దరిదీ బి నెగెటివ్. ఈ రోజు రిపోర్టు వచ్చింది. బాగుంది. పైకి మార్చాలి.

మార్చలేదు. కింది అరలోనే ఉంచేశాను. మైనస్ రెండు కొట్టాను. నాయిఫ్‌కు మళ్లీ ఇరవై ఎనిమిదిన. ఇంకా పదిహేను రోజులు.

ఈసారి ఎవరైనా చూస్తారేమోనని పని వేళ ముగిసేదాకా కూర్చోలేదు. ఆ సంగతి రాసి పెట్టుకుంటున్నాను.

17 ఏప్రిల్, ఆదివారం

బి నెగెటివ్ సున్నా. తేడా సున్నా. సున్నాకు రంగు ఉండదు.

20 ఏప్రిల్, బుధవారం

వరసగా రాయాలి.

పన్నెండూ నలభైకి వెనక గదిలో మధ్యాహ్నపు జుహర్ నమాజు చేస్తున్నాను. బల్ల దగ్గర ఫోను మోగింది. బాసిమా తీసింది. మధ్య గోడ పలచన, అన్నీ వినిపిస్తాయి. కాన్పుల వార్డు నుంచి. పక్క ఊరు రబ్బా వైపు నుంచి వచ్చిన అమ్మాయి, కాన్పయింది, బిడ్డ బాగానే ఉంది, తల్లికి రక్తం ఆగడం లేదు. బి నెగెటివ్ కావాలి. బాసిమా షీటు చూసి, సున్నా అంది. ఓ నెగెటివ్ అయినా ఉందా అని అడిగినట్టున్నారు. అదీ లేదు, సోమవారమే అయిపోయింది అంది. రక్తం లేకుండా ఆపరేషన్ ఎలా మొదలుపెట్టమంటావు, అమ్మాన్ పెద్దాస్పత్రికి పంపించేస్తున్నాం అన్నారట. ఆ మాట తర్వాత బాసిమా చెప్పింది.

నమాజులో నాలుగుసార్లు వంగి లేవాలి, నాలుగు రకాతులు. నేను మూడో రకాతులో ఉన్నాను.

ప్రాణం మీదికి వస్తే నమాజు మధ్యలోనే తెంచుకుని లేవవచ్చు. లేవాలి. ఇది నాకు ఏడేళ్లప్పుడే నేర్పారు. నేను లేవలేదు. మూడోది పూర్తి చేశాను. నాలుగోది చేశాను. అటూ ఇటూ సలాం చెప్పి ముగించాను. అప్పుడైనా లేవలేదు. తస్బీహ్ అందుకున్నాను. ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై నాలుగు. ఒక్కటి కూడా తప్పకుండా వంద లెక్కపెట్టాను. పూసలు జరుగుతున్నంతసేపూ నా కళ్ల ముందున్నది ఆ అమ్మాయి కాదు. మూడో మెట్టు.

సైరన్ వినిపించింది. గేటు దాటింది. దూరమైంది. అప్పుడు లేచాను.

బాసిమాతో, కింది అరలో బి నెగెటివ్ రెండున్నాయి అన్నాను. అవి పరీక్ష కానివి కదా హజ్జా అంది. అయ్యాయి, వారం కిందటే అయ్యాయి అన్నాను. మరి షీటులో సున్నా అని... అంటూ ఆగిపోయింది. నా మొహం చూసింది. ఫోను అందుకుంది.

అంబులెన్సును అమ్మాన్ దారిలో కత్రానా దగ్గర ఆపించారు. వార్డు నుంచి ముందే వచ్చిన శాంపిలుతో బాసిమా గ్రూపు సరిచూసింది. రెండు ప్యాకెట్లూ ఐసు పెట్టెలో పెట్టి ఇచ్చింది. ఆస్పత్రి కారులో నేనే పట్టుకెళ్లాను. పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. డ్రైవరు ఉపవాసం నీరసమనుకుని నా వైపు కిటికీ దించాడు.

ఎడారి రోడ్డు పక్కన టైర్ల కొట్టు ముందు అంబులెన్సు నిలబడి ఉంది. వెనక తలుపు తెరిస్తే ముందు పాదాలు కనిపించాయి. గోరింటాకు పెట్టుకుని ఉంది. డాక్టరు నా చేతుల్లోంచి పెట్టె లాక్కుని, ఇంతసేపూ ఎక్కడ దాచారమ్మా దీన్ని అన్నాడు. ఊరికే అన్నాడు. అతనికి ఏమీ తెలియదు. తలుపు మూసేశారు.

ఇంటికి వచ్చేసరికి ఇఫ్తార్ ఫిరంగి పేలింది. ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను. 

ఆ అమ్మాయి పేరు రువైదా. ఇరవై ఆరేళ్లు.

21 ఏప్రిల్, గురువారం

బతికింది. గర్భసంచి తీసేయాల్సి వచ్చిందట. అమ్మాన్ నుంచి ఫోను చేసిన డాక్టరు, ఇంకాస్త ముందు రక్తం అంది ఉంటే అని ఏదో అనబోయి మానేశాడని బాసిమా చెప్పింది. ఆ వాక్యం చివర ఏముందో నాకు ఎప్పటికీ తెలియదు.

మా అధికారి డాక్టర్ ముంజిర్ గదికి వెళ్లి అంతా చెప్పాను. నిలబడే చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చోబెట్టారు. హజ్జా, మీరు చెప్పింది నేను వినలేదనుకోండి అన్నారు. రిపోర్టులో ఫార్ములా పొరపాటు అని రాస్తున్నాను, కంప్యూటరు కొత్త, మీ వయసులో ఇలాంటివి అవుతుంటాయి అన్నారు. పొరపాటు కాదు డాక్టర్ గారూ, నేను కావాలని చేసింది అన్నాను. పింఛనుకు ఇంకా రెండేళ్లు ఉంది, ఇంట్లో తమ్ముడున్నాడు, వాడికి మందులు ఎక్కణ్నుంచి వస్తాయో ఆలోచించారా అన్నారు. టీ తెప్పించబోయి, ఉపవాసం గుర్తొచ్చి క్షమించండి అన్నారు.

నోరు మూసుకోమని ఇంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

బాసిమా ఈ రోజు నాతో వేళాకోళం ఆడలేదు. మధ్యాహ్నం ఫ్రిజ్ తెరిచి అన్ని అరలూ తనే లెక్కపెట్టింది. కింది అర రెండుసార్లు లెక్కపెట్టింది.

22 ఏప్రిల్, శుక్రవారం

నాయిఫ్‌కు చెప్పాను. ఇఫ్తార్ అయ్యాక చెబుదామనుకున్నాను. పప్పు సూపు వడ్డిస్తుండగానే నోట్లోంచి వచ్చేసింది.

ముందు నవ్వాడు. నువ్వా, నువ్వు దారిలో దొరికిన పిన్నీసు కూడా తీసుకోవు కదా అన్నాడు. తర్వాత నా మొహం చూసి గరిటె నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టాడు. ఎన్నిసార్లు అని అడిగాడు. రెండుసార్లు అన్నాను. మొదటి రెండు నా ఒంట్లో ఉన్నాయి కదా, ఇప్పుడు కూడా అన్నాడు. చెయ్యి తిప్పి మోచేతి లోపలి వైపు చూసుకున్నాడు.

పుట్టినప్పటినుంచీ ఎవరెవరి రక్తంతోనో బతుకుతున్నాను అక్కా, అడుక్కునేవాడినని నన్ను నేనే అనుకున్న రోజులున్నాయి, కానీ దొంగనని ఎప్పుడూ అనుకోలేదు అన్నాడు.

నేను చేశాను, నువ్వు కాదు అన్నాను.

నన్ను అడిగావా అన్నాడు. ఒక్కసారైనా అడిగావా, నాయిఫ్, నీ కోసం ఇలా చేయనా అని. అడిగితే ఏమనేవాడినో నీకు తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు అన్నాడు.

నిజమే. 

సూపు చల్లారిపోయింది. ఉపవాసం ఒక్క ఖర్జూరంతో విడిచాం, ఇద్దరం.

23 ఏప్రిల్, శనివారం

పొద్దున బస్సుకు జర్కా వెళ్లిపోయాడు, హైఫా ఇంటికి. అక్కడ పెద్ద తలసేమియా కేంద్రం ఉంది, వరసలో నిలబడి నా వంతు వచ్చినప్పుడు తీసుకుంటాను అన్నాడు. కొట్టు తాళాలు బల్ల మీద పెట్టాడు. ఆ చెప్పులు వేసుకోకు, ఎండకు కాళ్లు కాలతాయి అన్నాను. ముప్పై ఏడేళ్ల మనిషికి ఆ మాట చెప్పాను. బూట్లు వేసుకుని వెళ్లాడు.

25 ఏప్రిల్, సోమవారం

హైఫా మెసేజ్ పెట్టింది. 8.1. ఇంకేం రాయలేదు.

కొత్త షీటు తెరిచాను. నాయిఫ్ అని పేరు పెట్టాను. తేదీ, హిమోగ్లోబిన్, తేడా. ఒక్క అంకెకు తేడా రాదు. రెండోది రావాలి.

27 ఏప్రిల్, బుధవారం

ఫార్ములా పొరపాటుకు శిక్ష కాదు, శిక్షణ. నిన్నా ఇవాళా అమ్మాన్‌లో. పొద్దున ఆరింటి బస్సు, సాయంత్రం తిరుగు బస్సు. తరగతిలో నేనే పెద్దదాన్ని. నేర్పే అమ్మాయి చాలా ఓపికగా, అమ్మమ్మా, భయపడకండి, తప్పు నొక్కితే ఏమీ పేలిపోదు అంది. ఈ రోజు అంకెలోంచి నిన్నటి అంకె తీసేయడం ఎలాగో బోర్డు మీద చూపించింది. అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

చివర్లో, ఫార్ములాలో చేత్తో అంకెలు కలపకూడదు, తర్వాత చూసేవాళ్లకు అది ఎందుకు వచ్చిందో తెలియదు అంది. ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగింది. నా వైపే చూస్తూ అడిగింది. లేవన్నాను.

సర్టిఫికెట్ ఇచ్చారు. నా పేరు విజ్దాన్ అని సరిగ్గానే రాశారు. అంతరాత్మ అని అర్థం.

28 ఏప్రిల్, గురువారం

ఈ రోజు ఎక్కించాల్సిన రోజు. 7.6. తేడా మైనస్ 0.5. మూడు రోజుల్లో.

వరసలో వాడి ముందు పద్నాలుగు మంది ఉన్నారట. చిన్నపిల్లలు వస్తే నాయిఫ్ తన వంతు వదిలేస్తున్నాడని హైఫా ఏడుస్తూ ఫోను చేసింది. నువ్వైనా చెప్పు అక్కా, నీ మాట వింటాడు అంది. ఇప్పుడు వినడు అన్నాను. ఎందుకని అడగలేదు. వాడు చెప్పి ఉంటాడు.

1 మే, ఆదివారం

7.0.

రేపు పండుగ అని నిన్న రాత్రే చెప్పారు. పండక్కి చేసే మామూల్ బిస్కెట్లు చేయలేదు. పిండి కలిపి, ఎవరు తింటారని మూత పెట్టేశాను.

2 మే, సోమవారం. పండుగ

పొద్దున ఈద్ నమాజుకు వెళ్లాను. నా పక్కన నిలబడ్డ ఆవిడ ఎవరో తెలియదు. ముగించాక ఆలింగనం చేసుకుని, ఏడాదంతా ఇలాగే బాగుండు తల్లీ అంది. ఈ పది రోజుల్లో నన్ను ముట్టుకున్న మనిషి ఆవిడే.

హైఫాకు ఫోను చేశాను. నాయిఫ్ పడుకున్నాడంది. వెనక వాడి దగ్గు వినిపించింది.

చెప్పాల్సినవాళ్లకు ఇంకా చెప్పలేదు. డాక్టరుకు చెప్పాను, తమ్ముడికి చెప్పాను. రోజూ ఐదుసార్లు అల్లాకు చెబుతున్నాను. వీళ్లెవరూ కాదు.

4 మే, బుధవారం

పొద్దున మెసేజ్. 6.4.

రబ్బా వెళ్లాను. రువైదా ఇల్లు బస్సు ఆగే చోటి నుంచి రెండో సందు. పండుగ మూడో రోజు, వచ్చేపోయేవాళ్లకు తలుపు తెరిచే ఉంది. మగవాళ్లు చుట్టాలిళ్లకు వెళ్లారట. అత్తగారు ఉమ్ నిజార్ నన్నెవరో అడగకుండానే లోపలికి రా రమ్మని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. రువైదా గోడకు ఆనుకుని పరుపు మీద ఉంది. పాపకు పాలిస్తోంది. ఈ అమ్మాయి మొహం నేను చూడడం ఇదే మొదటిసారి.

కాఫీ వచ్చింది. కప్పు ఎదురుగా కింద పెట్టుకున్నాను. తాగలేదు.

పెద్ద మాట అడగడానికి వెళ్లినవాళ్లు ముందు కాఫీ తాగరు. ఇంటివాళ్లు సరేనంటేనే కప్పు ఎత్తుతారు. అది మగవాళ్ల పని. తప్పు చేసిన ఇంటి తరఫున పదిమంది పెద్దలు వెళ్లి కూర్చుంటారు. నా తరఫున నేనే వెళ్లాను.

ఉమ్ నిజార్‌కు నవ్వొచ్చింది. ఏంటమ్మా, కప్పు ముట్టవు, పెళ్లి సంబంధమా, మా ఇంట్లో పిల్లలెవరూ మిగల్లేదే, ఉన్నది ఇదిగో, దీనికి పదిహేను రోజులు, అప్పుడే బేరం పెడతావా అని పాపను చూపించింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆ తర్వాత చెప్పాను.

బ్లడ్ బ్యాంకులో పనిచేస్తానని. రెండు ప్యాకెట్లు ఉండగా లేవని రాశానని. తమ్ముడి కోసం దాచానని. వరసగా, ఇందులో రాసినట్టే.

ఉమ్ నిజార్ లేచి నిలబడింది. ఏం పుట్టుకే నీది, నా ఇంటి పండుగ పూట వచ్చి చెబుతావా ఇది, చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు కదా, ఇప్పుడు దీన్ని మేం ఏం చేసుకోవాలి, ఏ గోడకు తగిలించుకోవాలి అంది. ఆవిడ గొంతుకు పాప ఉలిక్కిపడింది.

రువైదా పాపను భుజాన వేసుకుని వీపు తట్టింది. ఫోను వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు అని అడిగింది. నమాజులో అన్నాను. ఎంతవరకు అయింది అంది. మూడో రకాతు అన్నాను. నాలుగోది కూడా చేశావా. చేశాను. తర్వాత లేచావా. లేదు, తస్బీహ్ చేశాను అన్నాను.

మొత్తమా అంది.

మొత్తం అన్నాను.

పాపను రెండో భుజానికి మార్చుకుంది. నీ తమ్ముడు బాగున్నాడా అని అడిగింది. లేదు, ఇంకా దొరకలేదు అన్నాను. బాగున్నాడని చెప్పి ఉంటే ఆమెకు తేలికయ్యేదో, బరువయ్యేదో తెలియదు. అబద్ధం మాత్రం చెప్పలేకపోయాను.

కాఫీ చల్లారిపోయింది, తీసేయండి అత్తమ్మా అంది.

ఉమ్ నిజార్ కప్పు తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ రాలేదు. నేను లేచాను. వాకిలి దాకా ఎవరూ రాలేదు. బస్సు కోసం గంటంబావు నిలబడ్డాను.

6 మే, శుక్రవారం

నిన్న మధ్యాహ్నం నాయిఫ్‌కు రెండు ప్యాకెట్లూ ఎక్కాయి. ఈ రోజు 8.7. తేడా ప్లస్ 2.3. షీటులో మొదటిసారి ఆకుపచ్చ.

రెండు రకాతుల నమాజు కృతజ్ఞతగా చేశాను.

హైఫా ఫోను వాడికి ఇచ్చింది. ఊపిరి వినిపించింది. బాగున్నావా అన్నాను. బాగున్నాను అన్నాడు. ఎప్పుడొస్తావు అన్నాను. ఇక్కడ నా పేరు వరసలో రాసుకున్నారు అక్కా, నా నంబరు నూట ఆరు అన్నాడు. అది చెప్పేటప్పుడు వాడి గొంతులో ఏదో సంతోషం. మూడు వారాలకోసారి ఆ నంబరు పిలుస్తారు, ఎవరైనా సరే ఆ నంబరే అన్నాడు. జర్కాలోనే ఒక కొట్టులో పని చూసుకున్నాడట.

మంచిది నాన్నా అన్నాను.

8 మే, ఆదివారం

డాక్టర్ ముంజిర్ గారికి కాగితం రాసిచ్చాను. ఫార్ములా పొరపాటు కాదు, నేను చేసిన పని అని రెండు వాక్యాలు. సంతకం. ఇది తీసుకుంటే పై అధికారులకు పంపక తప్పదు అన్నారు. పంపండి అన్నాను. కొత్త మనిషి వచ్చేదాకా బల్ల నాదే.

షీటులో బి నెగెటివ్ గడి పక్కన ఒక గడి కలిపాను. ఏప్రిల్ ఐదు నుంచి ఏడు దాకా రెండు, పదమూడు నుంచి ఇరవై దాకా రెండు, నేను దాచినవి అని రాశాను. బాసిమా చదివింది. తుడిపేయండి హజ్జా, ఎవరైనా చూస్తారు అంది. చూడాలనే అన్నాను. చాలా రోజుల తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది.

10 మే, మంగళవారం

రువైదా అన్న వచ్చాడు. సుహైబ్. ముప్పై ఏళ్లుంటాయి. పేరు చెప్పి, చొక్కా చెయ్యి మడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. బి నెగెటివ్.

నేనే తీశాను.  అయ్యాక జ్యూసు, బిస్కెట్లు ముందు పెట్టాను. తాగండి, లేకపోతే కళ్లు తిరుగుతాయి అన్నాను.

మా చెల్లెలు రక్తం ఇచ్చి రమ్మంది, మీ చేతి జ్యూసు తాగి రమ్మనలేదు అన్నాడు.

తేడా ప్లస్ ఒకటి.

గుమ్మం దగ్గర తూలాడు. చెయ్యి అందించాను. గోడ పట్టుకున్నాడు.